అలర్జీ చాప్టర్‌లో మార్కులు పోయేది మాటల దగ్గరే

వైజాగ్‌లో నీట్ పీజీకి (డాక్టర్ల పీజీ ఎంట్రన్స్‌కి) చదువుతున్న మిత్రులకు,

అలర్జీ చిన్న చాప్టరే కదా అని చివరి వారానికి నెట్టేయకండి. హైపర్‌సెన్సిటివిటీ, అలర్జీ, అటోపీ, సెన్సిటైజేషన్ నాలుగూ ఒకటే అనుకుంటే ఎన్ని ఎంసీక్యూలు చేసినా ఆప్షన్ల దగ్గర తడబాటు పోదు.

వీటిలో అన్నిటికన్నా పెద్ద మాట హైపర్‌సెన్సిటివిటీ. మామూలు మనుషులు తట్టుకునే మోతాదులోనే, ఫలానా పదార్థం తగిలినప్పుడల్లా అవే లక్షణాలు రావడం. దాని వెనక ఇమ్యూన్ మెకానిజం ఉంటేనే అలర్జీ. అందులో ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల వచ్చేవి కొన్ని, ఐజీఈతో పని లేనివి కొన్ని. అటోపీ జబ్బు కాదు, ఐజీఈ తయారుచేసే ఒంటి తత్వం. రక్తంలోనో స్కిన్ ప్రిక్ టెస్టులోనో ఐజీఈ తేలకముందు ఆ మాట వాడకూడదు.

మన ఫిషింగ్ హార్బర్ చేపతోనే చూడండి. కానగుర్త (శాస్త్రీయ నామంలో ఉన్నదీ ఈ తెలుగు పేరే) ఐస్ లేకుండా ఎండలో ఉంటే, బ్యాక్టీరియా దానిలోని హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి. యాంటీహిస్టమిన్ ఇస్తే తగ్గుతుంది కూడా. అయినా ఇది అలర్జీ కాదు, హైపర్‌సెన్సిటివిటీ కూడా కాదు. ఎందుకంటే ఆ మోతాదు హిస్టమిన్ ఎవరికైనా పడదు. స్టెమ్‌లో, అంటే ప్రశ్న పాఠంలో, "కలిసి తిన్న నలుగురికీ" అని కనిపిస్తే అనుమానించాల్సింది స్కాంబ్రాయిడ్ పాయిజనింగ్.

ఇక రొయ్యలు. రిపోర్టులో రొయ్యల ఐజీఈ పాజిటివ్, కానీ పేషెంటు ఏ ఇబ్బందీ లేకుండా తింటూనే ఉన్నాడు. అది సెన్సిటైజేషన్ మాత్రమే, అంటే ఐజీఈ ఉంది కానీ లక్షణాలు లేవు. ఇంటి దుమ్ములోని మైట్‌లోనూ రొయ్యలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఒకేలా ఉంటుంది కాబట్టి మైట్ మీద తయారైన ఐజీఈ రొయ్యనూ పట్టుకోవచ్చు. "రొయ్యలు మానేయమనాలి" అన్న ఆప్షన్ జోలికి పోకండి.

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేగంగా ఎక్కిస్తే వచ్చే ఎర్రదనం మరో రకం. మందు నేరుగా మాస్ట్ సెల్ (హిస్టమిన్ విడుదల చేసే కణం) మీద పనిచేస్తుంది, ఐజీఈ అక్కర్లేదు. అందుకే మొదటి డోసుకే రావచ్చు. ఇది నాన్ అలర్జిక్ హైపర్‌సెన్సిటివిటీ. ఇలాంటి వాటికి పాత పుస్తకాల్లో ఉన్న "అనాఫిలాక్టాయిడ్" అన్న మాటను వరల్డ్ అలర్జీ ఆర్గనైజేషన్ వదిలేయమంది. మెకానిజం ఏదైనా, అనాఫిలాక్సిస్ (ఒళ్లంతా వచ్చే ప్రాణాంతక రియాక్షన్) అయితే చికిత్స ఒకటే: అడ్రినలిన్ కిలోకు 0.01 మి.గ్రా., పెద్దలకు 0.5 మి.గ్రా. మించకుండా, తొడ బయటివైపు కండలోకి.

జెల్, కూంబ్స్ 1963లో చెప్పిన హైపర్‌సెన్సిటివిటీ నాలుగు టైపులు మీకు వచ్చే ఉంటాయి. పొరపాటు ఎక్కడంటే, మందు పేరు చూసి టైపు పెట్టేయడం. పెన్సిలిన్ ఒక్కటే నాలుగూ చేయగలదు: అనాఫిలాక్సిస్, హీమోలిటిక్ అనీమియా (ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం), సీరం సిక్‌నెస్ (జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు), ఆలస్యంగా వచ్చే ర్యాష్. మందు పేరు కన్నా ముందు, ఎన్ని గంటలకు లేదా ఎన్ని రోజులకు వచ్చిందో చూడండి.

అంకెలు రెండే. అర్టికేరియా (దద్దుర్లు) 6 వారాలు దాటితే క్రానిక్. అలర్జిక్ రైనైటిస్‌ని (ముక్కు అలర్జీని) పర్సిస్టెంట్ అనాలంటే వారంలో 4 రోజులకు మించి, మరియు వరసగా 4 వారాలకు మించి ఉండాలి. ఈ రెండింట్లో ఒకటే ఉంటే ఇంటర్మిటెంట్. ఆ "మరియు", "లేదా" తేడా మీదే ప్రశ్న వస్తుంది.