బ్యాండ్ నుంచి సోలోకి: ముందు కాగితం, తర్వాతే గొంతు

బెంగళూరు పబ్బుల్లో రాక్ బ్యాండుతో పాడే మనవాళ్లు సోలోకి మారాలనుకుంటే, ముందు తేల్చుకోవాల్సింది హక్కుల సంగతి. సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడింటికీ హక్కులు వేర్వేరు. మాటలు మీవే అయినా, రికార్డింగ్ హక్కు ఇంకొకరిదైతే ఆ ఆడియోను అనుమతి లేకుండా మీ ఆల్బమ్‌లో వాడుకోలేరు. పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాసి, అందరి చేతా సంతకం పెట్టించండి. విడిపోయాక అడిగితే డ్రమ్మర్‌కి కూడా బాణీ తనదే అనిపిస్తుంది! మళ్లీ కొత్తగా రికార్డ్ చేస్తే దానికి ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌ను గుర్తించే, అక్షరాలూ అంకెలూ కలిసి 12 ఉండే గుర్తింపు సంఖ్య) కొత్తది తీసుకోవాలి.

ఇక స్టేజీ. స్టేజీ మీద వాడే ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే బాగా పట్టే) మైకు వెనకవైపు శబ్దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. అందుకే మానిటర్ (మీ గొంతు మీకే వినిపించే స్టేజీ స్పీకర్) మైకు తోక వైపున ఉండాలి. స్టైల్ కోసం మైకు తల మీది జాలీని గుప్పిట్లో మూశారా, ఆ గుణం పోయి స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. తప్పు సౌండ్ ఇంజినీర్ మీదికి పోతుంది, పాపం. మామూలుగా పెదవికీ మైకుకీ రెండు వేళ్ల దూరం, అరిచేటప్పుడు జానెడు. మరీ దగ్గరైతే బేస్ ఉబ్బుతుంది. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకంటే కింది శబ్దాన్ని తగ్గించే బటన్) నొక్కండి.

బ్యాండులో డిస్టార్షన్ (గరగరలాడే) ఎలక్ట్రిక్ గిటార్ల మోతను దాటి వినపడడానికి పై శ్రుతిలో కట్టిన పాట ఒక్క అకౌస్టిక్ గిటార్‌తో కీచుగా వినిపిస్తుంది. కేపోను (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) 4వ ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) నుంచి 2కి దించండి. శ్రుతి రెండు సెమీటోన్లు (అర స్వరాలు) తగ్గుతుంది, కార్డ్ పట్టులు మారవు.