నాపరాయి ఊరి నుంచి పత్తి కోట దాకా

మాది నాపరాళ్ల ఊరు. కొలిమిగుండ్ల చుట్టుపక్కల ఎవరింటికి వెళ్లినా గోడ, గచ్చు, అరుగు అన్నీ నాపరాయే. మా నాయన ముప్పై ఏళ్లు గనుల్లో రాయి తీసినవాడు. టర్కీ ప్రయాణం అనుకోగానే నాకు తోడుగా తట్టింది ఆయనే. ఇస్తాంబుల్‌లో ఒక్కరోజే ఉన్నాం. నేను ఆయనకు చూపించాలనుకున్నది మసీదులు కాదు, ఆ దేశపు రాళ్లు.

అంకారా నుంచి కపడోకియా వెళ్లే దారిలో తుజ్ గోలు అనే ఉప్పు సరస్సు వస్తుంది. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయి, సెప్టెంబర్‌లో మేం వెళ్లేసరికి కనుచూపు మేర తెల్లటి పెచ్చు పరుచుకుని ఉంది. టర్కీ తినే ఉప్పులో పెద్ద వాటా ఇక్కడిదేనట. నాయన ఒక పలుకు నాలుక మీద వేసుకుని తల ఊపాడు. కాసేపు నడిచి బయల్దేరాం.

కపడోకియాలోని గోరెమె చేరాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోయ నిండా శంకువుల్లాంటి రాతి స్తంభాలు, కొన్నింటి నెత్తిన నల్లటి టోపీ. ఎర్జియెస్, హసన్ లాంటి అగ్నిపర్వతాలు లక్షల ఏళ్ల కిందట కక్కిన బూడిద గట్టిపడి రాయైంది. పైన గట్టి రాయి ఉన్నచోట కింది మెత్తటి రాయి వానకు కరగకుండా నిలబడింది. మిగతాదంతా కొట్టుకుపోయింది. "ఇది మన రాయి మాదిరి కాదు పాపా, గోరు దిగేటట్టుంది" అన్నాడు నాయన. నిజమే. తొలిచేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే అక్కడి జనం శతాబ్దాల పాటు ఇళ్లు, చర్చిలు, చివరికి పావురాల గూళ్లు కూడా కొండలోనే తొలుచుకున్నారు. ఆ పావురాల పెంటను ద్రాక్షతోటలకు ఎరువుగా వేసేవాళ్లు. ఆ మాట వినగానే నాయన ముఖం వెలిగిపోయింది. చర్చిల్లోని బొమ్మలకన్నా ఆ గూళ్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాడు.

మర్నాడు డెరింకుయు అనే భూగర్భ నగరం. ఆ పేరుకు లోతైన బావి అని అర్థం. 1963లో ఒకాయన ఇల్లు బాగుచేసుకుంటూ గోడ పగలగొడితే వెనక ఒక గది, దాని వెనక ఇంకో గది బయటపడ్డాయట. భూమిలోకి దాదాపు 85 మీటర్ల లోతు. పశువుల కొట్టాలు, ద్రాక్షసారా తొట్లు, వంటగదులు, చర్చి, బడి అన్నీ కిందే. దండు వచ్చినప్పుడు వేల మంది పశువులతో సహా లోపలికి దిగి, తిరగలి రాయంత గుండ్రటి బండను దొర్లించి దారి మూసేసేవాళ్లు. ఆ బండ లోపలి నుంచే కదులుతుంది. నాయన దాని అంచు మీద ఉలి గాట్లను వేలితో తడుముతూ, "ఇది తొలిచినోడు ఎడమచేతివాటం మనిషి" అన్నాడు. అవునో కాదో నాకు తెలియదు. ఆయన ఉలి పట్టిన మనిషి, నేను నమ్మాను.

వంగి నడవాల్సిన ఒక ఇరుకు మెట్లదారిలో ఎదురుగా గుంపు రావడంతో ఇద్దరం ఇరుక్కుపోయాం. నాయనకు ఆయాసం మొదలైంది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఎలాగో పక్క గదిలోకి లాక్కెళ్లాను. అక్కడ గాలి గొట్టం ఉంది. పైనుంచి 55 మీటర్లు నిట్టనిలువుగా తవ్విన బావి అది. దాని అంచున కూర్చోగానే ముఖానికి చల్లటి గాలి తగిలింది. అయిదు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంది. ఎన్ని వందల ఏళ్ల కిందటో ఎవరో తవ్విన బావి ఆ రోజు మా నాయనకు గాలి ఇచ్చింది. ఆ కూలీలకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రాత్రంతా బస్సులో వెళ్లి పొద్దున పముక్కలె చేరాం. పముక్ అంటే పత్తి, కలె అంటే కోట. దూరం నుంచి చూస్తే ఆ తెల్ల కొండ నంద్యాల మార్కెట్లో గుట్టపోసిన పత్తిలాగే ఉంది. చెప్పులు విప్పి ఎక్కాలి. రాతి మడతలు నా అరికాళ్లను కోశాయి, నాయన మాత్రం మామూలుగా నడిచిపోయాడు.

మా ఊరి పక్కన బెలూం గుహల్లో నీరు సున్నపురాయిని కరిగించి మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి చేసింది. ఇక్కడ అదే పని తిరగబడింది. భూమి లోపల సున్నాన్ని కరిగించుకున్న వేడినీళ్లు, దాదాపు 35 డిగ్రీల వేడితో పైకి వస్తాయి. బయట కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోగానే సున్నం మెత్తటి ముద్దలా పేరుకుని, తర్వాత రాయవుతుంది. మెట్లు మెట్లుగా తెల్లటి మడుగులు అలా ఏర్పడ్డాయి. పక్కనే హియెరాపోలిస్ అనే ప్రాచీన నగరం శిథిలాల్లో ఆ వాయువే ఒక గుహలోంచి వస్తుంది. పిచ్చుకలను లోపలికి వదిలితే వెంటనే పడి చచ్చిపోయాయని స్ట్రాబో అనే ప్రాచీన గ్రీకు పండితుడు రాశాడు.

కానీ చాలా మడుగులు ఎండిపోయి ఉన్నాయి. ఒకప్పుడు దీని నెత్తిమీదే హోటళ్లు కట్టి, నీళ్లు తమ కొలనులకు మళ్లించుకున్నారు. 1988లో యునెస్కో జాబితాలో చేరాక ఆ కట్టడాలను కూల్చేశారు. ఇంత అపురూపమైనదాన్ని అలా చేయడానికి మనసెలా ఒప్పిందో అని బాధేసింది. ఇప్పుడు కొన్ని మడుగులకే, వంతులవారీగా నీళ్లు వదులుతున్నారు. "మన కేసీ కాలువ మాదిరి" అన్నాడు నాయన, మా వైపు కర్నూలు-కడప కాలువను తలచుకుని.

రెండో రోజు తెల్లారే మళ్లీ వెళ్లాం. నిన్న బూడిదరంగులో ఎండిన ఒక వరుసకు ఆ పొద్దున వంతు వచ్చింది. సన్నటి ధార మొదటి మడుగు నింపి, అంచు దాటి రెండోదాంట్లోకి దిగింది. నాయన ప్యాంటు మడుచుకుని ఆ నీళ్లలో నిలబడ్డాడు, మూడోది నిండేదాకా కదల్లేదు.