అభిషేకజలం అడిగిన బోయ బాలుడు

ఆపో హి ష్ఠా మయోభువః తా న ఊర్జే దధాతన
మహే రణాయ చక్షసే ।
యో వః శివతమో రసస్తస్య భాజయతేహ నః
ఉశతీరివ మాతరః ।
తస్మా అరం గమామ వో యస్య క్షయాయ జిన్వథ
ఆపో జనయథా చ నః ॥

సంధ్యావందనంలో మార్జనం చేసుకుంటూ పలికే ఈ మూడు ఋక్కులు ఋగ్వేదం 10వ మండలంలోని 9వ సూక్తానికి ఆరంభం. ఒక్కొక్క పాదానికి ఒకసారి చొప్పున నీటిని శిరస్సుపై చల్లుకుంటాము, ఎనిమిదవ పాదానికి పాదాలపై చల్లి, తొమ్మిదవ పాదానికి మళ్లీ శిరస్సుకు వస్తాము. ఉపనయనమైన నాటి నుంచి నోటికి అలవాటైన మంత్రం కనుక చెయ్యి తనంతట తాను కదిలిపోతుంది, అర్థం వద్ద నిలిచే తీరిక మాత్రం అరుదుగా దొరుకుతుంది.

ఋషి ఇక్కడ జలాలను ఏమి అడుగుతున్నాడు? మీరు సుఖాన్ని కలిగించేవారు, మాకు బలాన్నీ గొప్ప రమణీయమైన చూపునూ ఇవ్వండి అంటున్నాడు. మీలోని అత్యంత మంగళకరమైన రసాన్ని, బిడ్డకు పాలివ్వాలని ఆరాటపడే తల్లులవలె మాకు పంచండి అంటున్నాడు. మమ్మల్ని పుట్టించండి అంటున్నాడు. ఆ వెంటనే వచ్చే నాలుగవ ఋక్కులో, దివ్యజలాలు మేము త్రాగడానికి శుభకరాలు కావాలని కోరుతున్నాడు. మాలోని దురితాన్ని కడిగివేయండి అనే ప్రార్థన కూడా ఈ సూక్తంలో ఉంది, కానీ అది చాలా తరువాత, ఎనిమిదవ ఋక్కులో వస్తుంది. తీర్థమనగానే పాపప్రక్షాళన ఒక్కటే తలచుకునే మనకు ఈ వరుస ఎంతో చెబుతుందని నా నమ్మకం: వేదం ముందుగా దాహాన్ని గుర్తించింది, పాపాన్ని ఆ తరువాత తలచింది.

ఈ వరుసకు తిరుమలలో ఒక ఉత్సవరూపం ఉంది. వైకుంఠ ఏకాదశికి 11 రోజుల ముందు మొదలై 25 రోజులు సాగే, ఆళ్వారుల దివ్యప్రబంధ పాశురాలను పారాయణ చేసే అధ్యయనోత్సవాలు ముగిసిన మరునాడు తన్నీరముదు ఉత్సవం జరుగుతుంది. భగవద్రామానుజులకు మేనమామ, ఆయనకు రామాయణ రహస్యాలను ఉపదేశించిన గురువు అయిన తిరుమల నంబి స్మరణలో, ఆయన వంశీయులు ఆకాశగంగ తీర్థాన్ని శిరస్సున ధరించి ఊరేగింపుగా తెచ్చి స్వామికి సమర్పిస్తారు. బ్రహ్మోత్సవాల వైభవం ముందు ఇది చిన్న ఉత్సవంగా కనిపించవచ్చు గాని, తిరుమల కైంకర్య సంప్రదాయం మొత్తానికీ మూలమైన భావం ఇందులోనే ఉందని నేను అనుకుంటాను.

తిరుమల నంబి ప్రతిదినం పాపవినాశనం నుంచి అభిషేకజలం తెచ్చేవారని పెద్దలు చెబుతారు. ఆలయానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న తీర్థమది. ఈనాటి రోడ్డు లేదు, అడవిదారి, ఎత్తుపల్లాలు, వయసు మీదపడిన దేహం, తలపై నిండు కడవ. ఒకనాడు దారిలో ఒక బోయ బాలుడు ఎదురై, "తాతా, దాహంగా ఉంది, కొంచెం నీళ్లు పొయ్యవా" అని అడిగాడు. ఇది స్వామి అభిషేకానికి తీసుకుపోతున్న జలం, ఇతరులకు ఇవ్వరాదు నాయనా అని చెప్పి నంబి ముందుకు సాగారు. బాలుడు వెనుక నుంచి బాణంతో కడవకు రంధ్రం చేసి, కారుతున్న ధారను దోసిట పట్టి త్రాగేశాడు. తలపై బరువు తగ్గిందని గ్రహించిన నంబి, ఇక ఈ దినం అభిషేకం ఎలాగని విలపించారు. అప్పుడా బాలుడు, బాధపడకు తాతా, ఇక్కడే నీళ్లు చూపిస్తానని కొండపైకి బాణం వేయగా అక్కడినుంచి ధార దూకింది. అదే ఆకాశగంగ. ఆలయానికి సుమారు 3 కిలోమీటర్లే. ఆ బాలుడు ఎవరో నంబికి తరువాత తెలిసింది.

ఈ కథలో నంబి నియమాన్ని స్వామి తప్పుపట్టలేదు. అభిషేకజలం ఎంగిలి కారాదన్న నిష్ఠ అలాగే నిలిచింది. అయినా ఆ జలాన్ని ఆయన శిలామూర్తి శిరస్సుపై అందుకోకముందే, దప్పిగొన్న పిల్లవాడి గొంతుతో అందుకున్నాడు. ఆ దినానికి అభిషేకం ఆ దోసిట్లోనే జరిగిపోయిందని అనుకోవడానికి మనకు అడ్డేమున్నది? అంతటితో ఆగక, వృద్ధుడైన భక్తుడి నడకను కూడా తగ్గించాడు. తల్లులవలె ఆరాటపడే జలాలను ఋషి ప్రార్థించాడు. ఇక్కడ జలాన్ని కోరినవాడూ, ఇచ్చినవాడూ ఒక్కడే అయ్యాడు.

అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కి వచ్చే యాత్రికుడికి ఈ సంగతిని వేరుగా బోధించనక్కరలేదు. పెద్దవారి శరీరపు బరువులో దాదాపు 60 శాతం, అప్పుడే పుట్టిన శిశువులో దాదాపు 75 శాతం నీరే. చెమట రూపంలో ఆ నీరు పోతూ దేహాన్ని చల్లబరుస్తుంది. రక్తంలో లవణాల సాంద్రత కొద్దిగా పెరిగినా మెదడు పసిగట్టి దాహాన్ని పుట్టిస్తుంది. నీరు మరీ తగ్గితే కాళ్లకు సత్తువ పోతుంది, కళ్లు తిరుగుతాయి. బలాన్నీ చూపునూ జలాలనే అడగాలని ఋషికి ఎలా తోచిందో ఆ మెట్లదారిలో నిట్టనిలువుగా ఉండే మోకాళ్లమిట్ట ఎక్కినవారికి బాగా తెలుస్తుంది. కొండపై కుళాయిల వద్ద ఇచ్చే తాగునీటిని జలప్రసాదమని పిలవడం నాకు ఎంతో సముచితంగా తోస్తుంది.

అసలు ఈ కొండలు కూడా నీటి బిడ్డలే. శేషాచలం పైభాగంలోని గట్టి రాయి, అతి ప్రాచీన కాలంలో నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక గడ్డకట్టి ఏర్పడినది. తిరుమల ఘాట్‌ రోడ్డు పక్కన, ఈ రాతికీ దాని కింది మరింత పాత శిలకూ మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఎడం కనిపించే చోటును భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతున్నారు. నేటికీ వానలు ఆ రాతి పగుళ్లలో ఇంకి, మబ్బులు తొలగిన తరువాత కూడా ఊటలై, ధారలై తీర్థాలుగా బయటపడుతున్నాయి. అడవి నిలిచి వాన నీటిని నెమ్మదిగా నేలకు అప్పగించినంతకాలమే ఆ ఊటలు నిలుస్తాయి. గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలలో చేరే నీరే కొండపైకి వచ్చే వేలాదిమందికి ఆధారం, చాలనప్పుడు దిగువ నుంచి కల్యాణి డ్యాం నీటిని ఎక్కించవలసి వస్తుంది.

కొండ కింద జలం గంగమ్మగా పూజలందుకుంటుంది. మే నెల మండుటెండలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో తిరుపతి ఆడపడుచులు పొంగళ్లు పెట్టి, అంబలి పోసి మొక్కులు తీర్చుకుంటారు. శ్రీవారి చెల్లెలిగా భావించే ఆ తల్లికి కొండ నుంచి సారె వస్తుంది.

ఇంతగా తల్లి అని పిలిచే జలం పట్ల మన నడవడి గురించి కూడా వేదం మౌనంగా లేదు. మంత్రపుష్పంలో మనం చదివే "యోఽపాం పుష్పం వేద" అనే భాగం తైత్తిరీయ ఆరణ్యకంలోని అరుణ ప్రశ్నలో ఉంది. ప్రతి ఆలయంలోనూ అది వినిపిస్తుంది. అదే అరుణ ప్రశ్నలో కొంత ముందుకు వెళితే "నాప్సు మూత్రపురీషం కుర్యాత్, న నిష్ఠీవేత్" అనే విధి ఉంది: నీటిలో మలమూత్రాలు విడువరాదు, ఉమ్మివేయరాదు. పుష్పం సమర్పించేటప్పుడు మొదటిదాన్ని గొంతెత్తి చదివి, రెండవదాన్ని విడిచిపెట్టడం మనం చేస్తున్న పెద్ద అపచారం. తొండవాడ వద్ద అగస్త్యేశ్వరుని సన్నిధిలో భీమ, కల్యాణి నదులను కలుపుకొని, శ్రీకాళహస్తీశ్వరుని పాదాల చెంతకు సాగే స్వర్ణముఖిలోకి ఊళ్ల మురుగు వదులుతూ, చెత్త పోస్తూ, ఇసుక తోడుతూ, ముక్కోటి నాడు మాత్రం స్నానానికి నీళ్లు లేవని బాధపడుతున్నాము.

చెరువుల సంగతీ అంతే. 2021 నవంబరులో కురిసిన కుండపోత వానలకు కపిలతీర్థం జలపాతం ఉగ్రరూపం దాల్చింది, శ్రీవారి మెట్టు మార్గం దెబ్బతిన్నది, విజయనగర కాలంనాటి రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడి దిగువ పల్లెలను ఖాళీ చేయించవలసి వచ్చింది. వాన మన చేతిలో లేదు. కానీ ఆ నీరు పోవలసిన వాగులను, వంకలను పూడ్చి ఇళ్లు కట్టుకున్నది మనమే.

అందుచేత నా విన్నపం ఇది. తన్నీరముదు నాడు తిరుమలలో ఉండే భాగ్యం కలిగినవారు ఆ కడవలను తప్పక దర్శించండి. కుదరనివారు ఆనాడు మార్జన మంత్రాన్ని అర్థంతో పలికి, తమ ఊరి చెరువు కట్టవరకు నడిచి, దానికి నీరు తెచ్చే కాలువ తెరిచి ఉన్నదో లేదో చూసి రండి. పూడిపోయి ఉంటే నలుగురినీ కూడగట్టి పూడిక తీయించడం కూడా నంబి కైంకర్యంలోకే వస్తుంది.