ఇత్తనం నానింది సరే, నేల నానిందా?

పోయినేడు జూన్ ఆఖర్లో బెంగుళూరు నుంచి ఊరికి పోయినప్పుడు ఒక తిక్కపని చేసినా, దాని గురించి రాద్దామని చాన్నాళ్ల నుంచి అనుకుంటున్నా. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె, ఎర్రనేల, ఆరెకరాలు, బోరు ఉందంటే ఉంది లేదంటే లేదు. సీడ్ ప్రైమింగ్ వీడియోలు చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. ఇత్తనాలు రాత్రి నానబెట్టి పొద్దున నీడన ఆరబెట్టి ఇత్తితే తొందరగా మొలుస్తాయంట, ఖర్చు లేదు, మందు లేదు, ఇంకేం కావాలి అనుకుని మా నాయన వలిపించి పెట్టిన కదిరి లేపాక్షి రకం శెనక్కాయ పప్పుల్లో ఇరవై కేజీలు తీసి సాయంత్రం తొట్టిలో పోసేసినా, ఎవరికీ చెప్పలా.

తెల్లారి చూస్తే పప్పులు ఉబ్బి, పొట్టు ఊడి, చేత్తో పట్టుకుంటే రెండు బద్దలు. గొర్రుకుండే జడ్డిగంలో, అదే ఇత్తనాలు పోసే గిన్నెలో, పోస్తే కిందికి దిగేటట్టు లేవు. మా నాయన తిట్టలా, పిడికెడు తీసుకుని చూసి "ఇత్తనం నానింది సరే, నేల నానిందా సూసినావా?" అన్నాడు. చూడలా. నాలుగు రోజుల ముందు పడిన వాన, పదును అప్పటికే పోయింది. ఆ ఇరవై కేజీలు ఎనుములకు పోయినాయి, దాని రేటు మా అమ్మ ఇప్పటికీ చెప్తుంటాది.

తర్వాత కూర్చుని కొంచెం సరిగ్గా చదువుకున్నా. అసలు సంగతి ఏందంటే ఇత్తనం నీళ్లు తాగినాక లోపల పని మొదలైపోతుంది, ఎంజైములు లేస్తాయి, పాత దెబ్బలు సరిచేసుకుంటాది, ఇంకాసేపైతే మొలక బయటికొస్తాది అనగా మనం తీసి ఆరబెట్టేస్తాం. మళ్లీ నేలలో తడి తగిలేసరికి సగం పని అయిపోయి ఉంటుంది కాబట్టి గబుక్కున లేస్తాది. కానీ దానికొక హద్దు ఉంది, ఆ టైమ్ దాటినాక తీసి ఆరబెట్టినా అది ఆగదు, మొలుస్తానే ఉంటాది, అప్పుడు ఆరితే చచ్చిపోతాది. శనగలకి సుమారు ఎనిమిది గంటలు, జొన్నకి పది, మొక్కజొన్న, వరికి ఇంకా ఎక్కువ. శెనక్కాయ పప్పు పొట్టు పల్చన, బద్దలు ఇట్టే ఊడతాయి, మా ఇంట్లో మాత్రం మళ్లీ దాన్ని నీళ్లలో ముంచే ప్రసక్తే లేదు, మామూలుగా పొడి మందు పట్టించి చివర్న రైజోబియం, అదే వేర్లకి నత్రజని పట్టిచ్చే సూక్ష్మజీవుల పొడి, కలిపి ఇత్తేస్తాం.

మరి మా నేలకి ఇది అక్కరకొస్తుందా అంటే వస్తుంది, అదీ జొన్నకి, కందికి. మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా దాని ఇష్టం వచ్చినప్పుడు. ఎర్రనేల వాన పడి ఎండ కాసిందంటే పైన అట్ట కట్టేస్తాది, మొలక ఆ అట్ట గట్టిపడక ముందే పైకి రావాలి, ఒక్క రోజు ముందొచ్చినా అది లాభమే. ఆలూరు పక్క మా మామోళ్లది నల్లరేగడి, వాళ్లు వానలు తగ్గినాక నేలలో మిగిలిన పదును మీదే శనగ ఇత్తుతారు, వాళ్లకైతే ఈ నానబెట్టేది ఇంకా బాగా పనికొస్తుందని నా లెక్క. అదే వానకు ముందు పొడి దుక్కిలో ఇత్తేటట్టయితే మాత్రం నానబెట్టకూడదు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు నవధాన్యాలు పొడినేలలో చల్లేటప్పుడు బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు), మట్టి, బూడిద పట్టించి గట్టిగా ఉండలు చేస్తారు చూడండి, అది దీనికి పూర్తిగా ఉల్టా, చిన్న తుంపరకి మోసపోకుండా పెద్ద వాన దాకా ఆగేదానికి.

ఇదంతా చెప్తే మా నాయన ఇంకో మాట అన్నాడు, పైమన్ను పోయినాక దేన్ని నానబెడితే ఏమొస్తాదిరా అని. నిజమే. ట్రాక్టర్ వాడి తొందరకి రెండేండ్లు వాలు వెంబడే దున్నించినాం, మీద చేనులో గరుసు తేలిపోయింది, మన్నంతా కింద గెనం కాడ, అదే గట్టు కాడ, కుప్ప పడింది, కొంత వంకలోకి పోయింది. ఇప్పుడు వాలుకి అడ్డంగానే దున్నుతున్నాం, ఏడు శెనక్కాయ సాళ్లకి ఒక కంది సాలు, మధ్యమధ్యలో నీళ్లు నిలిచేటట్టు లోతు చాళ్లు. గెనాల మీద గ్లిరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు కొమ్మలు నాటినాం, అవి గొడ్లు పెద్దగా తినవు, ఆకు చేనుకి ఎరువు. ఎండాకాలంలో చెరువు మట్టి తోలించినాం గానీ ట్రాక్టర్ బాడుగ చూసి మీద చేనుకే సరిపెట్టినాం.

ఇంక ఈ జొన్న సంగతి. 2000 ఖరీఫ్ లో నేను చిన్నోడిని, శెనక్కాయ చెట్లు నిలువునా ఎండిపోయినాయి, అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతినింది, ఆ ఏడు మా ఇంట్లో దీపావళి లేదు. తర్వాత తేలిందేమంటే అది వైరస్, గట్ల మీద ఉండే వయ్యారిభామ పుప్పొడిలో ఉంటాది, తామర పురుగు దాన్ని చేనులోకి తెస్తాది. అప్పటి నుంచి చెప్తానే ఉన్నారు, పూతకు రాకముందే వయ్యారిభామ పీకండి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయండి, పురుగుకి అడ్డం ఉంటాది అని. మేము కొన్నేండ్లు వేసి మానేసినాం, గట్టు పక్కన సాళ్లు సరిగ్గా మొలవవు, మధ్యలో సందులుంటే అడ్డం ఏముంది చెప్పండి.

నా మిగిలిన తిక్క దానిమీద చూపించినా. మళ్లీ వాన పడిన రోజు రాత్రి రెండు సేర్ల జొన్నలు నానేసి పొద్దున గోనెపట్టా మీద నీడన ఆరబెట్టి, చేతికి తడి అంటనప్పుడు గెనం పక్కన ఇత్తినాం, ఒక పక్క మాత్రం నానబెట్టనివి వేసినాం తేడా చూద్దామని. నానబెట్టిన మూడు పక్కలా ముందే లేచింది, సందులు తక్కువ. నానబెట్టని పక్క పడమటి గెనం, అక్కడ నేల కూడా కొంచెం రాళ్లది, కాబట్టి అంతా నానబెట్టినందుకే అని నేను గట్టిగా చెప్పలేను, మా నాయన మాత్రం ఒప్పుకున్నాడు, ఆయన ఒప్పుకోవడమే నాకు పెద్ద రిజల్ట్.

నిన్న ఫోన్ చేస్తే "రెండు సేర్లు జొన్నలు తీసిపెట్టినా, వాన పడినాక నేను చెప్తా, అప్పుడు నానెయ్యమంటా మీ అమ్మని" అన్నాడు. ఇంకా పడలా.