సఖినేటిపల్లి పంటు మీద

నాయనమ్మ సంవత్సరీకానికని హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లవారాక నరసాపురంలో దిగాను. స్టేషన్ నుంచి రేవుకు ఆటోకు నూట యాభై అడిగారు. పొద్దున్నే ఒళ్లు మండింది. ఆ విసుగులోనే, దారిలో లేసు దుకాణం కనబడగానే ఆపమన్నాను.

నాయనమ్మ యాభై ఏళ్లు లేసు అల్లింది. ఇంట్లో ఆమె అల్లిన ముక్క ఒక్కటి కూడా లేదు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన పువ్వులు తూచి పట్టుకుపోయేవాడు. పువ్వులు అల్లడం చేతిపని. వాటిని కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేయడం అతుకుపని, అది వేరే ఆడవాళ్లది. తన పువ్వులు చివరికి ఏమయ్యాయో ఆమె ఎన్నడూ చూడలేదు. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. మా నాన్న కాలేజీ ఫీజు ఆ దారంలోంచే వచ్చింది. అయినా ఇంట్లో అందరూ దాన్ని ‘తీరిక పని’ అనేవారు. పొయ్యి, పాడి, నలుగురు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. ఆమెకు తీరిక ఎక్కడిది? ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

దుకాణంలో ఒక బల్లగుడ్డ నచ్చింది. మూడు వేల రెండు వందలన్నారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని కూడా చెప్పారు. అలవాటు కొద్దీ బేరమాడి రెండు వేల ఎనిమిది వందలకు తెచ్చుకున్నాను.

రేవులో, అవతలి ఒడ్డున సఖినేటిపల్లికి దాటించే పెద్ద పడవ, పంటు, నిండేదాకా ఎదురుచూపు. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, అంతర్వేది వెళ్లే భక్తులు. ఇక్కడ వంతెన వస్తుందన్న మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. గోదావరి పాయ వశిష్ఠ ఆ ఉదయం నిండుగా, బురద రంగులో ఉంది. పంటు కదిలాక చూస్తే, నా పక్కనే రేకు గోడకు ఆనుకుని ఒక పెద్దావిడ లేసు అల్లుకుంటోంది. ఒడిలో సంచి, సంచిలో దారపు ఉండ. చూపు నీళ్ల మీద, వేళ్లు వాటి పని మీద. నాయనమ్మ కూడా చేతుల వంక చూసేది కాదు. కరెంటు లేని రాత్రుల్లో చీకట్లోనే అల్లేది.

“రోజుకు ఎంత వస్తుందండీ?” అని అడిగాను.

“పొద్దస్తమానం కూర్చుంటే ఒక పూట కూరకు వస్తుందమ్మా.”

నేను తగ్గించిన నాలుగు వందలు గుర్తొచ్చి నోట మాట రాలేదు. సంచిలోంచి బల్లగుడ్డ తీసి ఆమె ఒడిలో పెట్టాను. సూది జాకెట్టుకు గుచ్చుకుని, రెండు చేతులూ చీర కొంగుకు తుడుచుకుని అప్పుడు ముట్టుకుంది. తిరగేసి అతుకులు చూసింది. “మంచి చేయి,” అంది. “నేను పువ్వులే అల్లుతాను. ఇలా మొత్తం పరుచుకుని ఎప్పుడూ చూడలేదు.”

ఒక వరుస లెక్కపెట్టింది. రెండో వరుసలో ఉండగా పంటు ఒడ్డుకు తగిలి ఊగింది, మోటారు సైకిళ్లవాళ్లు హారన్లు మొదలుపెట్టారు. ఆమె తొందరపడలేదు. అతుకుల వెంబడి జాగ్రత్తగా మడిచి నా చేతికిస్తూ అడిగింది: “మీ ఇంట్లో ఎవరైనా అల్లేవారా?”

“మా నాయనమ్మ.”

“ఏ పువ్వు?”

నాకు తెలియదు. ఇరవై ఏళ్లు ఆమె పక్కన పడుకున్నాను, కథలు చెప్పించుకున్నాను, ఆ ఒక్కటి మాత్రం అడగలేదు.

సంవత్సరీకం తంతు, భోజనాలు, బంధువులు, అన్నీ అయిపోయాయి. ఆ రాత్రి అరుగు మీద మేనత్తను అడిగాను. పెళ్లి కాకముందు అమ్మ పక్కన కూర్చుని తనూ అల్లేదట.

“పేరు గుర్తులేదే,” అంటూ కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె కుడిచేయి గాలిలో కదలడం మొదలైంది. సూది లేదు, దారం లేదు. బొటనవేలు, చూపుడువేలు కలిసి ముడి మీద ముడి వేస్తూ గుండ్రంగా తిరిగాయి. ఎనిమిదిసార్లు తిరిగి ఆగాయి.

“ఎనిమిది రేకులు,” అంది అత్త.