చికిత్స గదిలో ఆడవాళ్ల ఓర్పు: నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి నాకు ప్రతి ఒక్కరూ చెప్పిన మాట ధైర్యంగా ఉండమనే. ప్రేమతో అన్న మాటే అయినా, బాధ పైకి చెప్పుకుంటే ధైర్యం లేనిదాన్నవుతానేమో అన్న భయం కూడా దానితోపాటే నాలో చేరింది. ఆ భయాన్ని పోగొట్టినవాళ్లు కీమోథెరపీ గదిలో నా పక్క కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లు. అందుకే నా చికిత్స గురించి రాస్తూ వాళ్లను వదిలేయలేను.

బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష తర్వాత, గడ్డకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల గ్రాహకాలు (ఆ హార్మోన్లను అందుకునే ప్రొటీన్లు) ఉన్నాయా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని పరీక్షిస్తారు. మందుల ఎంపిక చాలావరకు ఈ ఫలితాల మీదే ఆధారపడుతుంది. నాది హార్మోన్లకు స్పందించే రకం, హెర్2 లేదు. చంకలోని లింఫు గ్రంథులకు కూడా వ్యాపించింది కనుక ముందు ఆపరేషన్, తర్వాత కీమోథెరపీ, రేడియేషన్, ఆపైన ఏళ్ల తరబడి మాత్రలు అని నిర్ణయించారు.

ఆపరేషన్ తర్వాత గాయం పక్కన అమర్చిన డ్రెయిన్ గొట్టంలోంచి సీసాలోకి దిగే ద్రవాన్ని రోజూ కొలిచి రాసుకునేదాన్ని. మొదట్లో ఎర్రగా ఉన్నది క్రమంగా పలచబడి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. చంకలోని గ్రంథులు తీసేసినవాళ్లకు లింఫు ద్రవం సరిగా ప్రవహించక చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. భుజం కూడా బిగుసుకుపోతుంది. దాన్ని సడలించడానికి గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను మెల్లగా గోడ మీద పైకి పాకించే వ్యాయామం చేయించారు. ఎంత ఎత్తుకు అందిందో పెన్సిలుతో గీత గీసుకునేదాన్ని. కొన్ని రోజులు కొత్త గీత పాత గీతకన్నా కిందే పడేది, ఆ రోజుల్లో కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

కీమోథెరపీలో నా పక్కన కూర్చునే ఆమెకు వేళ్ల చివర్లు మొద్దుబారి, బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమైంది. ఆ సంగతి చెబితే మందు ఆపేస్తారని, ఆపితే జబ్బు తిరగబెడుతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎదుటి కుర్చీలోని పెద్దావిడ అది గమనించి, "ఓర్చుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయమ్మా, ఇది మాత్రం చెప్పేసెయ్" అంది. చెప్పాక డాక్టరు మందు మోతాదు తగ్గించారు, చికిత్స ఆగలేదు. ప్యాక్లిటాక్సెల్ లాంటి మందులు నరాలను దెబ్బతీస్తాయి, ఆలస్యంగా చెబితే ఆ తిమ్మిరి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఒక రాత్రి నాకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా ఆసుపత్రికి బయలుదేరడానికి ఆవిడ మాటే కారణం. కీమోథెరపీ వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయిన సమయంలో వచ్చే జ్వరం గంటల్లోనే ప్రాణం మీదకు తేగలదు.

ఆ రోజుల్లోనే ఇద్దరి గురించి చదివాను. ఆంగ్ల రచయిత్రి ఫ్యానీ బర్నీకి 1811లో పారిస్‌లో మత్తుమందు లేకుండానే రొమ్ము తీసేశారు. అప్పటికి అటువంటి మందులు వాడుకలోకి రాలేదు. ఆ బాధను కొన్ని నెలల తర్వాత ఆమె తన సోదరికి సుదీర్ఘమైన ఉత్తరంలో వివరంగా రాసింది, 1840 దాకా జీవించింది. అమెరికన్ పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ 1974లో తనకు క్యాన్సర్ అని తెలిసినప్పుడు ఇంకో పోరాటం చేసింది. బయాప్సీ కోసం మత్తిచ్చి, క్యాన్సర్ అని తేలితే రోగి మేలుకోకముందే రొమ్ము తీసేసే పద్ధతి అప్పట్లో సాధారణం. ముందు ఫలితం చెప్పాలని, ఆ తర్వాతే తనను అడిగి నిర్ణయించాలని ఆమె పట్టుబట్టింది. బయాప్సీని, ఆపరేషన్‌ను విడదీయాలని 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం కూడా సిఫారసు చేసింది. నా బయాప్సీ ఫలితం చేతికొచ్చాక తీరిగ్గా కూర్చుని ప్రశ్నలు అడగగలిగానంటే, అందులో ఆమెలాంటి స్త్రీల పట్టుదల ఉందని నమ్ముతున్నాను.

రేడియేషన్ వల్ల చర్మం నల్లబడి మండింది తప్ప పెద్దగా ఇబ్బంది పడలేదు. ఇప్పుడు ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని అడ్డుకునే ట్యామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. దీన్ని సాధారణంగా అయిదేళ్లు వాడతారు, అవసరాన్ని బట్టి పదేళ్లకు పొడిగిస్తారు. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, చెమటలు పట్టి నిద్ర ఉండదు. ఇది కూడా డాక్టరుకు చెప్పాను. ఆవిర్లు తగ్గడానికి కుంగుబాటు మందులు కొన్ని పనికొస్తాయట, అయితే వాటిలో పారోక్సెటిన్ ట్యామాక్సిఫెన్ పనికి అడ్డుపడుతుంది కనుక నాకు వేరేది రాశారు. ఏ చిన్న జబ్బుకు ఏ మందు వేసుకోవాల్సి వచ్చినా, ట్యామాక్సిఫెన్ వాడుతున్నానని ముందుగా చెప్పి, అడిగాకే వేసుకుంటున్నాను.