గ్రీనిచ్ గుట్ట నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ దాకా: ఇంగ్లిష్ గడియారాల దారి

లండన్‌లో కటీ సార్క్ స్టేషన్లో దిగి పార్కులోంచి గుట్ట ఎక్కితే పావుగంటలో గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే చేరుకోవాలి. కప్పు మీది ఎర్రబంతి 12:55కి స్తంభంలో సగానికి, 12:58కి కొసకు ఎక్కి, సరిగ్గా ఒంటిగంటకు కిందికి జారుతుంది. 1833 నుంచి థేమ్స్ నదిలోని ఓడలవాళ్ళు దీన్ని చూసే తమ క్రోనోమీటర్లు (ఓడల్లో వాడే కచ్చితమైన గడియారాలు) సరిపెట్టుకునేవాళ్ళు.

లోపల 18వ శతాబ్దపు ఇంగ్లిష్ గడియారాల నిపుణుడు జాన్ హారిసన్ చేసిన నాలుగు సముద్ర గడియారాలు ఉన్నాయి. మొదటి మూడూ నడుస్తున్నాయి, నాలుగోది ఆగి ఉంది. పాడైందేమో అనిపిస్తుంది గానీ అసలు కారణం నూనె. 34 కిలోల మొదటి గడియారంలో రోలర్లు లిగ్నమ్ వైటీ చెక్కవి. ఆ చెక్కలోనే జిడ్డు ఉంటుంది కనుక నూనె అక్కర్లేదు. నాలుగోది 13 సెంటీమీటర్ల వెడల్పు, 1.45 కిలోల బరువు. దీనికి నూనె కావాలి, నూనె చిక్కబడితే విప్పి కడగాలి, నడిచేకొద్దీ భాగాలు అరుగుతాయి. ఆపి ఉంచడమే సరైన పని.

చక్రాలను ఒక్కో పన్నుగా వదిలే భాగం ఎస్కేప్‌మెంట్; ఈ నాలుగో గడియారంలో దాని ప్యాలెట్లు, అంటే చక్రం పళ్ళను ఆపి వదిలే కొసలు, వజ్రాలు. అటూ ఇటూ ఊగే చక్రమైన బ్యాలెన్స్ సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. లోపల ఒక చిన్న స్ప్రింగ్‌కు ప్రతి ఏడున్నర సెకన్లకూ గడియారమే కీ ఇచ్చుకుంటుంది. వేడికి ఇత్తడి, ఉక్కు కలిపిన పట్టీ వంగి, బ్యాలెన్స్‌ను ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ పనిచేసే పొడవును మారుస్తుంది. సముద్రంలో రేఖాంశం కనుక్కునే పద్ధతికి 1714 నాటి చట్టం ప్రకటించిన 20,000 పౌండ్ల బహుమతికి పెట్టిన హద్దు అర డిగ్రీ రేఖాంశం, అంటే కాలంలో రెండు నిమిషాలు. 1761 నవంబరులో డెప్ట్‌ఫర్డ్ ఓడలో జమైకాకు బయల్దేరిన ఈ గడియారం 81 రోజుల్లో వెనకబడింది 5.1 సెకన్లే. అయినా ముసలి హారిసన్‌కు ఆ డబ్బు కోసం 1773 దాకా పోరాటం తప్పలేదు. ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రెండో రోజు సౌత్ కెన్సింగ్టన్‌లో సైన్స్ మ్యూజియం. రెండో అంతస్తులో క్లాక్‌మేకర్స్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. 1631లో రాజశాసనంతో ఏర్పడిన గడియార పనివాళ్ళ సంఘం సేకరణ ఇది. హారిసన్ ఐదో గడియారం ఇక్కడే చూడాలి.

ఎక్కువసేపు నిలబడాల్సింది ఫ్యూజీల ముందు. కీ నిండా ఇచ్చినప్పుడు, గడియారాన్ని నడిపే మెయిన్‌స్ప్రింగ్ గట్టిగా లాగుతుంది, వదులయ్యేకొద్దీ బలం తగ్గుతుంది. ఆ తేడా బ్యాలెన్స్‌కు చేరితే పొద్దున ఒక వేగం, రాత్రి ఒక వేగం. అందుకని స్ప్రింగ్ ఉన్న డబ్బా, అంటే బ్యారెల్ పక్కన, మెలికల గాడి ఉన్న శంకువును పెట్టి రెంటినీ సన్నటి గొలుసుతో కలిపారు. ఈ శంకువే ఫ్యూజీ. స్ప్రింగ్ బలంగా ఉన్నంతసేపు గొలుసు శంకువు సన్నకొసను లాగుతుంది, బలం తగ్గేకొద్దీ లావు వైపుకు దిగుతుంది. గొలుసు అల్లిక సైకిల్ చైన్‌లాంటిదే: ఒక రేకు, దానికి అటూ ఇటూ రెండు రేకులు, మధ్యలో రివెట్. జానెడు పొడవులోనే వందల ముక్కలు. వీటిని 1790 నుంచి ఇంగ్లండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లలు చేతులతో చేసేవాళ్ళు.

ఇలాంటి గడియారం ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. యంత్రాన్ని పట్టి ఉంచే ప్లేటు మరలు ముట్టుకునే ముందు స్ప్రింగ్ బిగువు దించాలి. బ్యారెల్ ఇరుసు మీద కీ పెట్టి, కాస్త బిగించి, రాచెట్ (ఒకవైపే తిరిగే పళ్ళ చక్రం) నుంచి దాన్ని ఆపే క్లిక్ తప్పించి, కీని చేతిలో పట్టుకునే మెల్లగా వదలాలి. ఇది మరిస్తే చక్రాల పళ్ళు విరుగుతాయి, గొలుసు తెగుతుంది. తిరిగి బిగించేటప్పుడు గొలుసు మెలిపడకుండా బ్యారెల్ మీద చుట్టి, స్ప్రింగ్‌కు సుమారు అర చుట్టు ముందస్తు బిగువు ఇవ్వాలి. రెండు కొసల కొక్కేలు ఒకేలా ఉండవు, తారుమారైతే జారిపోతాయి. నిండా కీ ఇచ్చాక గొలుసే ఒక మీటను ఎత్తి శంకువును ఆపుతుంది. ఆ మీట అరిగితే ఇంకా తిప్పుతూ పోతారు, గొలుసు తెగేదాకా తెలియదు.

ఒకప్పుడు లండన్ గడియార పనివాళ్ళ పేట అయిన క్లెర్కెన్‌వెల్ వీధుల్లో మేడల పై అంతస్తు కిటికీలు చూడండి, వెలుతురు కోసం వెడల్పుగా ఉంటాయి. ఒక్కో గడియారానికి స్ప్రింగ్ చేసేది ఒకరు, డయల్ ఎనామెల్ ఒకరు, రాళ్ళు పొదిగేది మరొకరు. ముడి యంత్రాలు చాలావరకు లాంకషైర్‌లోని ప్రెస్కాట్ నుంచి వచ్చేవి. కనుక డయల్ మీది పేరు చాలాసార్లు అమ్మినవాడిదే. పాత గడియారం కొనేవాళ్ళు ముందు వెండి పెట్టె లోపలి ముద్రలు చదవాలి: నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్ వెండి, చిరుత తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, పక్కనున్న అక్షరం ఏడాదిని చెబుతుంది. పెట్టె మార్చి ఉండొచ్చు గనుక లోపలి యంత్రాన్ని విడిగా పరీక్షించాలి.

చివరి రోజు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే, దీనికి టికెట్ ఉంది. లోపల నేల మీద ఒకే సమాధి: 1713లో పోయిన గడియారాల నిపుణుడు థామస్ టాంపియన్, 1751లో పోయిన ఆయన వారసుడు జార్జ్ గ్రాహమ్. మొదటి సముద్ర గడియారం కోసం హారిసన్‌కు వడ్డీ లేకుండా అప్పిచ్చింది ఈ గ్రాహమే. 2006లో పక్కనే హారిసన్‌కూ స్మారకఫలకం పెట్టారు. దాని మీద రేఖాంశాన్ని సూచించే గీత ఉంది. ఆ గీత రెండు లోహాలు కలిపిన పట్టీ.